కరువు సీమకు నీడ – విన్సెంట్ ఫెర్రర్

కడప జిల్లా పోరుమామిళ్లలో చెరువు వద్ద క్రీ.శ. 1369 నాటి శిలాశాసనం ఒకటి ఉన్నది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువును నిర్మింపజేసి వేయించిన శాసనమది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు సాధనాలను, ఉండరాని ఆరు దోషాలను అది వివరిస్తుంది. ప్రతిదినం వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేయగా రెండేండ్లకు కట్ట పూర్తయినదని లెక్క కూడా చెబుతుంది. పుణ్యకార్యాల ప్రసక్తిలో సప్తసంతానాలను పేర్కొంటుంది. తటాకం, దేవాలయం, వనం, నిధి, అగ్రహారం, ప్రబంధం, పుత్రుడు – మనిషి గతించిన తరువాత కూడా అతని పేరు నిలిపేవి ఈ ఏడేనని మన పూర్వులు భావించారు.

ఆ ఏడింటిలో పండితుని నివాసానికి చోటున్నది. అగ్రహారం అంటే అదే. కట్ట మీదికి మట్టి తట్ట మోసిన ఆ వేయిమంది రాత్రి ఎక్కడ తలదాచుకున్నారో శాసనం చెప్పదు. అది ఆ శాసనకర్త లోపం కాదు, ఆ కాలపు దృష్టి అంతవరకే ప్రసరించింది. శాసనం వెలసిన సరిగ్గా ఆరువందల సంవత్సరాలకు, 1969లో, ఐరోపా ఖండం నుండి వచ్చిన ఒక వ్యక్తి ఇదే సీమలో కాలు మోపాడు. సంతానాల జాబితాలో లేని ఆ పనిని, అనగా కూలివాని కుటుంబానికి ఇల్లు కట్టించడాన్ని, తన జీవితకార్యాలలో ఒకటిగా స్వీకరించాడు. ఆయనే విన్సెంట్ ఫెర్రర్. అనంతపురం పల్లెలలో నేటికీ ఆయనను ఫాదర్ ఫెర్రర్ అనే పిలుచుకుంటారు.

ఆయన వచ్చి చేరిన నేల స్వభావాన్ని ముందుగా తెలుసుకోవాలి. 1800లో నిజాం నవాబు ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన ప్రాంతం దత్తమండలాలుగా వ్యవహరింపబడింది. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచించిన రాయలసీమ అనే పేరు తరువాత స్థిరపడింది. పేరు మారినా ఆకాశం మారలేదు. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అడ్డగిస్తాయి; తూర్పు తీరపు వాయుగుండాలు ఇంత లోతట్టుకు వచ్చేసరికి బలహీనపడతాయి. ఈ రెండింటి నడుమ చిక్కుకున్న అనంతపురంలో సాలుకు పడే వాన సగటున ఐదువందల యాభై మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అది కూడా పడవలసిన వేళకు పడదు. 1876లో మొదలైన ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి ప్రాంతాలను ఎంతగా తుడిచిపెట్టిందో, గంజి కేంద్రాల చుట్టూ ఎందరు రాలిపోయారో మన పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు.

ఇటువంటి నేలలో ఇల్లు అనే మాటకు అందరికీ ఒకే అర్థం లేదు. కలిగిన రైతుకు రాతిగోడల మిద్దె ఉండేది. దూలాలు, దంతెలు పరచి, పైన చవుడు మట్టి దట్టంగా వేసి కప్పిన ఆ మిద్దె ఎండకు చల్లగా, చలికి వెచ్చగా ఉండి రెండు మూడు తరాలు నిలిచేది. నేలమీద బేతంచెర్ల బండలో, కడప బండలో పరచుకునేవారు. ఊరి చివర మాలమాదిగ వాడలలో మాత్రం బోదగడ్డి కప్పిన కొట్టమే ఇల్లు. లోపలికి పోవాలంటే నడుము వంచాలి. పిడుగు పడ్డా, పొయ్యిలోని నిప్పురవ్వ ఎగిరినా వరుసకు వరుస కొట్టాలు బూడిదయ్యేవి. గడ్డిలో తేలు, గోడకలుగులో పాము సహజీవులు. అరుదుగా వాన పడితే సంతోషించవలసిన సీమలో, ఆ రాత్రి మాత్రం పసిబిడ్డను ఎత్తుకొని మూలమూలకు జరుగుతూ తెల్లవార్చే తల్లులుండేవారు. బండలు పగులగొట్టే నేర్పుగల వడ్డెవాని ఇంటికే రాతిగోడ లేకపోవడం ఈ సీమలోని వైపరీత్యం.

విన్సెంట్ ఫెర్రర్ 1920 ఏప్రిల్ 9వ తేదీన స్పెయిన్ దేశపు బార్సిలోనా నగరంలో జన్మించాడు. బాల్యంలో కొంతకాలం వలెన్సియా ప్రాంతంలోని గాందియాలో గడిచింది. ఆయనకు పదహారేండ్లు వచ్చేనాటికి స్పెయిన్ అంతర్యుద్ధంలో మునిగిపోయింది. 1938లో గణతంత్ర సైన్యం పాలబుగ్గల కుర్రవాండ్రను సైతం యుద్ధానికి పిలిచింది. ఆ పిలుపులో ఫెర్రర్ కూడా ఉన్నాడు. ఎబ్రో నదీతీరంలో జరిగిన భీకర సమరాన్ని ఆయన పద్దెనిమిదేండ్ల వయసులో చూశాడు. ఓడిన సైన్యంతో పాటు కాలినడకన సరిహద్దు దాటి ఫ్రాన్సు చేరగా, సముద్రపుటొడ్డున ఇసుకలో ముళ్లకంచె నడుమ ఏర్పరచిన అర్జెలె శిబిరంలో ఉంచారు. స్వదేశానికి మరలివచ్చిన పిదప బెతాన్సోస్‌లోని నిర్బంధ శిబిరం స్వాగతం చెప్పింది. తలమీద కప్పు లేకుండా చలిలో బ్రతకడమంటే ఏమిటో ఆయన పుస్తకాలలో చదివి తెలుసుకోలేదని ఈ వృత్తాంతం వల్ల స్పష్టమవుతున్నది.

యుద్ధానంతరం న్యాయశాస్త్ర విద్యను ఆరంభించి, దానిని మధ్యలోనే విడిచి, 1944లో జెస్యూట్ సంఘంలో చేరాడు. 1952 ఫిబ్రవరిలో ఓడ దిగి బొంబాయి రేవులో అడుగుపెట్టాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది రెండేండ్లు నిండలేదు. కొంతకాలం పూనాలో విద్యాభ్యాసం చేసిన తరువాత మహారాష్ట్రలోని నాసిక్ జిల్లా మన్మాడ్ ఆయన కార్యక్షేత్రమైంది.

మన్మాడ్ కూడా మెట్టప్రాంతమే. అక్కడి రైతులకు ఆయన మొదట చెప్పినది మతబోధ కాదు, బావి త్రవ్వమని. బావి త్రవ్వే రోజులలో కూలికి పోలేని రైతు ఇంటికి గోధుమలు, నూనె ఇచ్చేవాడు. ఖర్చుకు వడ్డీ లేని అప్పు ఇప్పించేవాడు. నీరు పడి పంట చేతికి వచ్చిన తరువాత ఆ సొమ్ము తిరిగి వచ్చి మరొక రైతు బావికి చేరేది. దానం పుచ్చుకున్నవాడు తల వంచుకుంటాడు, అప్పు తీర్చినవాడు తలెత్తుకుంటాడు. ఈ తేడాను గ్రహించడం వల్లనే ఆయన పద్ధతి పల్లె నుండి పల్లెకు ప్రాకింది.

ఆ ప్రాకుడే కొందరికి కంటగింపు అయింది. అప్పులిచ్చే షావుకార్లకు, కూలీలను చెప్పుచేతలలో ఉంచుకున్న పెత్తందార్లకు ఇది నచ్చలేదు. విదేశీ మతగురువు ఇంత ప్రజాబలం కూడగట్టడం వెనుక మతమార్పిడి ఉద్దేశమున్నదన్న అనుమానం రాజకీయ వర్గాలలో బలపడింది. ఆనాటి పరిస్థితులలో ఆ అనుమానం పూర్తిగా అకారణమని కొట్టివేయడం సులభం కాదు; రెండు శతాబ్దాల పరాయి పాలన అనుభవించి ఇరవై ఏండ్లయినా గడవని దేశం మనది. ఏమైనప్పటికి దేశం విడిచిపొమ్మని ఆయనకు ఉత్తర్వు వచ్చింది. దానికి ప్రతిస్పందనగా జరిగినది మాత్రం అపూర్వం. సుమారు ముప్పదివేల మంది రైతులు మన్మాడ్ నుండి బొంబాయికి, దాదాపు రెండువందల యాభై కిలోమీటర్లు, ఆయన కోసం కాలినడకన సాగిపోయారు. నాటి ప్రధాని ఇందిరాగాంధీ మధ్యేమార్గం కనుగొన్నారు. ఫెర్రర్ కొంతకాలం విదేశంలో విశ్రాంతి తీసుకుంటారని, తిరిగి వస్తే భారతదేశం ఆహ్వానిస్తుందని ఆమె తెలియజేశారు. 1968లో ఆయన స్పెయిన్ వెళ్లాడు. మరుసటి ఏడాదే తిరిగి వచ్చాడు.

కాని ఎక్కడికి? మన్మాడ్ తలుపులు మూసుకున్నాయి. వివాదం మోసుకొని వచ్చే మనిషిని ఆదరించడానికి ఏ రాష్ట్రమూ ముందుకు రాని తరుణంలో ఆంధ్రప్రదేశ్ సమ్మతించింది. ఆ విధంగా ఆయన కొద్దిమంది మన్మాడ్ సహచరులతో అనంతపురం చేరాడు. సారవంతమైన డెల్టాను కోరక కరువుసీమను కోరుకోవడంలోనే ఆయన స్వభావం తెలుస్తున్నది. అనంతపురంలో ఆయన దిగిన ఖాళీ ఇంటి గోడ మీద ఎవరో పూర్వం అంటించిన కాగితం ఉన్నదని, అద్భుతం కోసం ఎదురుచూడమని దానిపై వ్రాసి ఉన్నదని చెబుతారు. ఆ ఇంట ఎదురుచూస్తూ కూర్చునే తీరిక ఆయనకు చిక్కలేదు. అదే సంవత్సరం రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. సీమ ప్రజల నోట అది ఆర్.డి.టి.గా స్థిరపడింది.

1970లో ఆయన జీవితంలో పెద్ద మలుపు వచ్చింది. జెస్యూట్ సంఘాన్ని వదలి, ఆంగ్ల పాత్రికేయురాలు అన్నే పెర్రీని వివాహమాడాడు. బొంబాయిలోని ఒక పత్రిక కోసం ఆయనతో సంభాషించడానికి వెళ్లి ఆమె ఆ కార్యంలోకి ఆకర్షితురాలైంది. పాతికేండ్ల పైబడి తనను నిలబెట్టిన వ్యవస్థను యాభయ్యవ యేట విడనాడడం సామాన్యమైన నిర్ణయం కాదు. దానితో ఆయన వెనుక ఉన్న ధనబలం, అనుచరబలం తగ్గిపోయాయి. ఇద్దరు మనుషులు, కొందరు మిత్రులు మిగిలారు. ఆ దంపతులకు ముగ్గురు సంతానం కలిగారు. వారంతా అనంతపురంలోనే పెరిగారు.

మొదటి పనులు బావులు, చెరువులు, బడులు, వైద్యం. వానపాయను ఎక్కడికక్కడ ఆపే చిన్న ఆనకట్టలు కట్టించారు, చెట్లు నాటించారు. వాడలలో సాయంకాలపు బడులు నడిపించారు. ఈ పనుల కోసం పల్లెలు తిరుగుతుండగా గృహనిర్మాణ సమస్య దానంతట అదే ఎదురైంది. బడిలో అక్షరం నేర్చిన పిల్ల కొట్టంలో దీపం పెట్టుకొని చదువబోతే కప్పు అంటుకుంటుందన్న భయం. వైద్యుడు నయం చేసిన క్షయరోగి మరల ఆ గాలి ఆడని గూటికే చేరాలి. విద్యకైనా, ఆరోగ్యానికైనా గోడ, కప్పు, తలుపు మొదటి మెట్టు అవుతున్నాయి. ఇల్లు లేకుండా మిగిలినవన్నీ చేయడం చిల్లుకుండలో నీరు పోయడం వంటిది.

ఆర్.డి.టి. కట్టించిన ఇండ్లు రాజభవనాలు కావు. గట్టి గోడలు, వాన కురియని కప్పు, గాలి వెలుతురు వచ్చే కిటికీ, ముందు కూర్చునేందుకు కొద్దిపాటి అరుగు. గమనింపదగిన విశేషాలు నిర్మాణంలో కన్న నిర్ణయాలలో ఉన్నవి. ఊరిలో ఎవరికి ముందు ఇల్లు కావాలో ఆ ఊరివారే కూర్చొని తేల్చుకోవాలి. ఇల్లు పొందే కుటుంబం తన వంతు శ్రమను చేర్చాలి. అన్నిటికంటె ముఖ్యం, ఇల్లు స్త్రీ పేరుమీద నమోదు కావాలి.

ఈ చివరి నియమం విన్నప్పుడు చిన్నదిగా తోస్తుంది. సీమ పల్లెలలో దాని ఫలితం పెద్దది. ఇల్లు మగవాని పేరున ఉన్నప్పుడు తాగుడు బాకీకి తాకట్టు పడవచ్చు. మారుమనువు చేసుకొని మొదటి భార్యను గడప దాటించవచ్చు. అతడు పోతే దాయాదులు వచ్చి విధవను బయటికి పంపవచ్చు. పట్టా ఆమె పేరున ఉంటే ఈ మూడు దారులూ ఇరుకవుతాయి. మన ధర్మశాస్త్రాలు గృహిణినే గృహమన్నాయి, కాని గృహం ఆమెదని వ్రాసి ఇచ్చిన సందర్భాలు అరుదు. కావ్యాలు ఎన్ని చదివినా, ఒక దస్తావేజు మీది సంతకం చేసే పనిని శ్లోకం చేయలేదని ఒప్పుకోవలసి వస్తున్నది.

ఇల్లు కట్టడానికి పరదేశం వెళ్లే సేవాభావం ఫెర్రర్‌తో పుట్టినది కాదు. ఆయన పుట్టిన 1920లోనే స్విట్జర్లాండుకు చెందిన ఇంజనీరు పియేర్ సెరెసోల్ మొదటి ప్రపంచయుద్ధంలో నేలమట్టమైన ఎస్న్ అనే ఫ్రెంచి పల్లెను మరల కట్టడానికి వివిధ దేశాల యువకులను తీసుకొని వెళ్లాడు. ఆ బృందంలో జర్మనులు కూడా ఉండడం స్థానికులకు రుచించక కొన్ని నెలలకే ఆ ప్రయత్నం ఆగిపోయింది. 1934 జనవరి 15న బీహారులో మహాభూకంపం సంభవించినప్పుడు అదే సెరెసోల్ మనదేశానికి వచ్చి, బాబూ రాజేంద్రప్రసాద్ నడిపిన సహాయోద్యమానికి తోడుగా పల్లెల పునర్నిర్మాణంలో స్వయంగా పలుగు, పార పట్టాడు. అమెరికాలో పుట్టిన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే గృహనిర్మాణ సంస్థ భారతదేశంలో తన పనిని 1983లో ప్రారంభించినది మన తెలుగునాటి ఖమ్మంలోనే.

ఫెర్రర్ దారి వీటికి కొంత భిన్నం. విదేశీయులు పది పదిహేను రోజులు వచ్చి ఇటుకలు మోసి వెళ్లడం మీద ఆయన సంస్థ ఆధారపడలేదు. అది సరైన పద్ధతే అనిపిస్తున్నది. కూలి దొరకక బెంగుళూరుకు వలసపోయే జిల్లాలో, తాపీపని తెలిసిన మనిషి ఊరిలో ఖాళీగా కూర్చున్నప్పుడు, విమానం ఎక్కి వచ్చిన అతిథి మోసే ప్రతి ఇటుకా ఆ మనిషి కూలిలో నుండి తగ్గినట్లే. కనుక గోడ కట్టే పని స్థానికుల చేతులలో ఉంచి, దూరదేశం నుండి రావలసినవి ఏవో వాటినే తెప్పించారు. స్పెయిన్‌లోని సామాన్య కుటుంబాలు ఒక్కొక్క బిడ్డను తలచుకొని నెలనెలా కొంత సొమ్ము పంపే ఏర్పాటు జరిగింది. ఆ సొమ్ము ఆ ఒక్క బిడ్డ ఇంటికి కాక ఊరుమ్మడి అభివృద్ధికి వెచ్చింపబడేది. ఇక్కడ లభించని నైపుణ్యం కల వైద్యులు, నిపుణులు స్వచ్ఛందంగా వచ్చి కొంతకాలం పనిచేసి, నేర్పి, వెళ్లేవారు. సంస్థ సిబ్బందిలో అత్యధికులు తెలుగువారే. వారిలో పలువురు అదే వాడలలో, అదే సాయంకాలపు బడులలో చదివి పైకి వచ్చినవారు.

1996లో బార్సిలోనాలో ఆయన పేరిట ఒక ఫౌండేషన్ ఏర్పడడంతో స్పెయిన్ నుండి వచ్చే తోడ్పాటుకు స్థిరత్వం కలిగింది. 1998లో స్పెయిన్ దేశం ప్రతిష్ఠాత్మకమైన ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియాస్ పురస్కారాన్ని సామరస్య విభాగంలో ఆయనకు ప్రకటించింది. ఇరవయ్యేండ్ల వయసులో ఏ దేశం తనను కంచె నడుమ నిలబెట్టిందో ఆ దేశమే డెబ్బది ఎనిమిదవ యేట సభాపీఠం మీద నిలబెట్టడం చరిత్రలోని చమత్కారం. పురస్కారాల కంటె, బత్తలపల్లిలో వెలసిన పెద్ద ఆసుపత్రి సీమవాసులకు ఎక్కువ పరిచితం. ప్రసవానికి, పాముకాటుకు, కాలిన గాయాలకు కడప, కర్నూలు సరిహద్దు పల్లెల నుండి కూడా జనం అక్కడికి చేరుకునేవారు.

ఆయన వేషం, మాట చివరివరకు నిరాడంబరంగానే సాగాయి. పల్లెకు వెళితే అరుగు మీద కూర్చొని ముందుగా ఆడవారి మాట వినేవాడు. పథకాలు లెక్కల కాగితం మీద పుట్టాలన్న నియమం ఆయనకు లేదు. ముందు పని మొదలుపెట్టి ధనం తరువాత సమకూర్చుకోవడం ఆయన అలవాటు. నిర్వహణ శాస్త్రం తెలిసినవారు దీనిని మెచ్చుకోరు. అనంతపురం అనుభవంలో మాత్రం చాలా సందర్భాలలో ఆ పద్ధతి ఫలించింది.

2009 మార్చిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. జూన్ 19వ తేదీన, ఎనభై తొమ్మిదవ యేట, అనంతపురంలో కన్నుమూశాడు. అంత్యక్రియలకు వేలకొలది జనం పల్లెల నుండి తరలివచ్చారు. అనంతపురం నుండి కదిరికి పోయే త్రోవలోని బత్తలపల్లిలో ఆయనను ఖననం చేశారు. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనలో ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది.

మరణానంతరం సంస్థ భారాన్ని అన్నే ఫెర్రర్, కుమారుడు మోంచో, సహచరులు స్వీకరించారు. ఇండ్ల పని ఆగలేదు. అది అనంతపురం హద్దులు దాటి కర్నూలు జిల్లా మెట్టపల్లెలకు, శ్రీశైలం చుట్టూ నల్లమలలోని చెంచుగూడేలకు విస్తరించింది. చెంచుల సమస్య వేరు. అడవిలో నలుచదరపు గోడల ఇల్లు వారి జీవనానికి సరిపడుతుందా, గూడెం ఎక్కడ ఉండాలి, అటవీశాఖ అనుమతి ఏ మేరకు లభిస్తుంది అనే ప్రశ్నలు అక్కడ ఎదురయ్యాయి. మైదానంలో నేర్చిన పాఠం అడవిలో యథాతథంగా చెల్లలేదు. మొత్తం మీద పదుల వేల సంఖ్యలో లేచిన ఆ ఇండ్లు కదిరి, కళ్యాణదుర్గం, ఉరవకొండ దారులలో పల్లెకొక వరుసగా కనిపిస్తాయి. కొన్నింటికి తరువాతి తరం మేడ వేసుకున్నది. కొన్నింటికి బెంగుళూరు వలస వల్ల తాళం పడి ఉన్నది. తాళంచెవి మాత్రం పట్టాదారైన ఇల్లాలి కొంగుముడిలోనే ఉంటుంది.